అగ్గువ

అక్కా,
నువ్వు కువైట్ చేరేదానికి మూడు దినాలు పట్టింది.
చెన్నైలో ఒక రాత్రి, ఎయిర్‌పోర్టు నేల మీద ఒక రాత్రి.
నాకు దామలచెరువు నుంచి తిరుపతికి గంటన్నర బస్సు,
ఆమీట నాలుగో అంతస్తుకు లిఫ్టు.
తలుపు తెరిస్తే స్పెయిను.

ఇనెస్ అమ్మ నవ్వి
ఈ చెంపకొకటి ఆ చెంపకొకటి ముద్దు పెట్టబోయింది.
రెండోదానికి నేను రెడీగా లేను. ముక్కూ ముక్కూ గుద్దుకున్నాయి.
చేతిలోని చెనిక్కాయల సంచి జారి
హాలంతా దొర్లినాయి కాయలు.
నాలుగేళ్ళ నూరియా ఒక్కొక్కటే ఏరతా ఎంచింది,
ఉనో, దోస్, త్రేస్...
దాని వెనకాల నేనూ, పన్నెండు దాకా.

నువ్వు చెప్పి పంపినావు గదా,
పాస్‌పోర్టు వాళ్ళ చేతికియ్యొద్దు,
గొళ్ళెం లోపలుందా బయటుందా చూసుకో అని.
నాకు పాస్‌పోర్టే లేదు.
గొళ్ళెం లోపలే ఉంది.
తాళంచెవి కూడా ఇచ్చినారు, ఎర్రదారం కట్టి.
ఇరవై రెండేళ్ళకు మొదటిసారి
ఒక రూములో ఒక్కదాన్నే పండుకుంటే నిద్ర రాలేదు.
తలుపు వారగా తీసే పెట్టుకున్నా.

ఈ ఇంట్లో రాత్రి పదికి గానీ కూడు తినరు.
ఏడుకే నా కడుపు
పాకాల పాసింజరు మాదిరి కూత పెడతాది.
గొంసాలో సారు రేణిగుంట ఫ్యాక్టరీ నుంచి వచ్చి
ఉర్లగడ్డలూ గుడ్లూ కలిపి ఊతప్పం మందాన కాలస్తాడు.
మొగోడే, అక్కా.
ఉప్పు తప్ప ఇంకేమీ ఉండదు దాంట్లో.
నేను కింద ఊరిబిండి దాచి అద్దుకుంటా ఉంటే
ఇనెస్ అమ్మ చూసేసింది. అడిగి పెట్టించుకునింది.
ముక్కు తుడుచుకుంటా, ఇంకొంచెం అనింది.

మాటలే కాళ్ళకు అడ్డం పడతాయి.
మన అవ్వ మేజా అనే దాన్ని వీళ్ళు మేసా అంటారు, సరే.
ఊయలను కూనా అంటారు.
ఊయల్లో ఉండేదాన్ని గదా మనం కూన అనేది!
నీళ్ళను ఆగ్వా అంటారు.
మొన్న మూడు దినాలు కొళాయి రాలేదు.
ట్యాంకరు ఆయన గేటు కాడ నిలబడి
తొమ్మిదొందలకు పైసా తగ్గనన్నాడు.
నూరియా నా చెయ్యి గుంజతా
ఆగ్వా, ఆగ్వా అని ఒకటే అరుపు.
"అగ్గువంట! నీళ్ళు! ఈ ఊర్లో!"
ఆయన పైపు వదిలేసి నవ్వినాడు.
యాభై తగ్గించినాడు.

మునీశ్వరి అంటే దానికి నోరు తిరగదు.
మూ... అని దూడ మాదిరి ఆగిపోయి
తాత అనింది.
ఏ ముసలాయన వచ్చినాడో అని నేను వెనక్కి చూసినా.
బిడ్డల్ని సాకేదాన్ని వాళ్ళ ఊర్లో అట్లనే అంటారంట.
ఇప్పుడు అపార్టుమెంటంతా నన్ను తాతా అంటాది.
వాచ్‌మన్ రెడ్డెప్పకు అరవై దాటినాయి,
ఆయన కూడా.

నిన్న రాత్రి దానికి జ్వరం.
ఇనెస్ అమ్మ బెంగళూరులో ఉండిపోయింది,
సారుకు నైట్ షిఫ్టు.
తడిగుడ్డ మారస్తా
ఏ భాషలో సముదాయించల్లో తెలీక
లేని చెనిక్కాయలు ఎంచినా. ఉనో, దోస్, త్రేస్.
పన్నెండు తర్వాత నాకు రాదు.
పదమూడు, పద్నాలుగు అని మనదాంట్లోకి దిగినా.
యాభైరెండు కాడ
అది కండ్లు తెరవకుండానే నా వేలు పట్టుకుని
తాత, నీలు అనింది.
కిటికీలో కొండదారి దీపాలు
వంకరటింకరగా పైకి పోతా ఉండె.

అప్పుడు నువ్వు గుర్తుకొచ్చినావు.
ఆరేళ్ళు.
ఆ ఇంట్లో ఒక మొగబిడ్డ ఉండె గదా,
నీ కొంగు పట్టుకునే నడక నేర్చినాడని
ఒకసారి ఫోన్లో చెప్పబోయినావు.
దినార్ ఇప్పుడెంత అని అడిగినా నేను.
గాజులు ఎన్ని తులాలని అడిగినా.
సెంటు బాటిల్ మర్చిపోవద్దన్నా.
అక్కా,
ఆ పిల్లోడు నిన్ను ఏమని పిలిచేవాడు?