పన్నెండు చుక్కలు

ఉదయం కొలిస్తే తొమ్మిదీ మూడు.
మధ్యాహ్నం, అదే సంచిలోని మట్టికి, ఎనిమిదీ ఏడు.
నడుమ ఉన్నది
బ్యూరెట్టు ముక్కు నుంచి జారితే
పన్నెండు చుక్కలు.

తిరుపతి మే నెలలో
మేడమీది ట్యాంకు నీళ్లు
కండెన్సరులోకి వేడివేడిగానే దిగుతాయి.
చల్లార్చాల్సిన నీరే ఉడికిపోతుంటే
అమోనియా ఆగుతుందా?
కొంత కిటికీ దాటింది.
ఎంతో ముక్కుకు తెలియదు,
వాసన మాత్రం తెలిసింది.

అట్లని ఉదయందే నిజమనుకుందామా?
మట్టి వేయని ఫ్లాస్కు కూడా
ఈరోజు అరచుక్క ఎక్కువే పలికింది.
ఏమీ లేనిచోట నుంచి కూడా ఏదో ఒకటి వస్తుంది,
దాన్ని తీసేసి రాయాలి.
చేరిన రోజు రాజ్యలక్ష్మమ్మ గారు చెప్పిన మొదటి మాట:
"ముందు ఖాళీని కొలువు."

పచ్చబడ్డ ద్రావణం
ఆమ్లం పడేకొద్దీ గులాబీకి తిరుగుతుంది.
ఆ తిరిగే క్షణం
నా కంటికి ఒకచోట,
పక్కబల్ల హిమజ కంటికి ఇంకోచోట.
ఒక్క చుక్క తేడా పడితే
హెక్టారుకు కేజీన్నర నత్రజని.

వరండాలో చెంగల్రాయుడు,
కార్వేటినగరం అవతల నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు.
చెనిక్కాయ తీసేసి చెరుకు వేద్దామని.
రెండెంకెలూ చూపించాను.

"ఏందమ్మయ్యా, ఒగే మన్నుకు రెండు లెక్కలా?
బెల్లం మండీలో త్రాసు గూడా ఇంత మోసం చెయ్యదే!"

మోసం కాదు పెద్దాయనా,
త్రాసు ఒక్కతూరే తూస్తుంది,
అందుకే నీకు తెలియలేదు.

మన్ను ఎక్కడ తీశావంటే నసిగాడు.
ఎండకు తాళలేక
గెనిమ మీద కానగ నీడలో తవ్వాడట.
ఎనిమిదిచోట్ల తవ్వమని కాగితంలో ఉంది.
కానగ వేరు నేలకు నత్రజని పెడుతుందని
ఆ కాగితంలో లేదు.

నేను పన్నెండు చుక్కలకు మథనపడుతున్నాను,
ఆ నీడ ముందే ఎన్ని కలిపిందో!

కార్డులో గడి ఒకటే,
మూడంకెలు పట్టేంత.
రెండువందల ఎనభై దాటితే మధ్యమం, లేకుంటే తక్కువ.
ఉదయంది దాటింది. మధ్యాహ్నంది దాటలేదు.
సగటు రెండువందల ఎనభై రెండు.
అనుమానం రాయడానికి గడి లేదు,
పెన్సిల్‌తో అంచున రాశాను.

కొత్త సంచి చేతికిచ్చి
ఈసారి ఎండలోనే తవ్వు అన్నాను.
"మళ్లా తెస్తే మూడో లెక్క జెప్తారు గదా!"
చెప్తాను, అన్నాను.

అతను నవ్వుతూ మెట్లు దిగాడు.
కొళాయి కింద చేయి పెట్టి చూశాను.
నీళ్లింకా చల్లారలేదు.