నీళ్లంటని నూలు

చండూరు బస్టాండు ఎనక సందుల
మగ్గం గుంటలకు కాళ్లు జారేసి కూసున్న.
చౌటుప్పల కంపెనీ పిలగాడు
అర లీటరు సీసా ముందల పెట్టిండు.
పాల లెక్కుంది. వాసన లేదు.

"దీంట్ల ముంచి, పిండి, ఇస్త్రీ పెట్టె వేడి తగిలియ్యి.
ఇగ నీ పత్తి చామాకే, అక్కా."

నవ్వొచ్చింది.
పచ్చి నూలు చిలప నీళ్లల్ల ఏసి చూడు,
పొద్దుందాక తేలుతది, మొండిది.
ఒంటికి మైనం పూసుకొనే పుడతది పత్తి.
మా అత్త దాన్ని సోడాల ఉడకబెట్టి,
కాళ్లతోని తొక్కి తొక్కి
తాగుడు నేర్పింది. తాగితేనే రంగు.
ఇరవై ఏండ్ల సంది నాది గూడ అదే పని.
ఇప్పుడు మళ్ల మరిపియ్యాల్నా?

ఆపుడు మాకు తెల్వంది కాదు.
సైకిల్ ట్యూబు పేలికతోని బిగిచ్చి కడితే
ఆడికి ఎరుపు రాదు, నలుపు రాదు.
కట్టు ఇప్పినంక మాత్రం
అంచుకు సన్న మరకొకటి మిగుల్తది.

తువ్వాల ముక్క మీద చుక్కేసిండు.
గుండ్రంగ నిలబడ్డది.
దొర్లి, నా మోకాలి మీదికి దుంకింది.
ఆసు పోసుడు ఇడిశిపెట్టి అండాలు ఉరికొచ్చింది.
"ఇంకొక్కటెయ్యి, ఇంకొక్కటి."

ఏముంటదిల? అన్న.
చీటీ సదివిండు.
ఫ్లోరో అన్నంక మిగిలిన ముక్క ఇనవడలే.

మర్రిగూడ దిక్కు మా మేనమామ భద్రయ్య
బోరు నీళ్లు తాగి పెరిగినోడు.
పిలిస్తే మెడ తిరగది,
మనిషే మొత్తం తిరుగుతడు, బండి మల్పినట్టు.
పండ్ల మీద గోధుమ చారలు,
కట్టు ఇప్పినంక మిగిలే మరకలే.

"అది వేరే, ఇది వేరే అక్కా.
అది నీళ్లల్ల కరిగేది. ఇది నీళ్లను తోసేది."
చెవులు ఎర్రబడ్డయి పిలగానికి.
ఉండొచ్చు. సదువుకున్నోడు,
అబద్ధమాడే మొకం కాదు.

బొక్కలకు పూసేది ఏమన్న ఉందా మీ కంపెనీల?
ఊరికెనే అడిగిన.
పరాష్కమనుకొని నవ్వి,
సీసా మరిచి పోయిండు. లేదంటే ఇడిశిపోయిండు.

రాత్రి కరెంటొచ్చినంక
ఆ ముక్క మీద నల్ల నీళ్లు ఒక చుక్కేసిన.
ఇప్పుడొచ్చేవి కృష్ణ నీళ్లే,
మామకు ఆలిశమైనయి గని.
చుక్కల ట్యూబులైటు, ఇంత సన్నగ, వంగి.
ఏలితోని ఒత్తిన.
లోపలికి పోలే.
మళ్ల ఒత్తిన.