గడ్డి ఆగిపోయే చోటు

"ఎక్కడ పడ్డాడు?" అని అడుగుతోంది ఫోన్‌లో ఆమె,
సముద్రానికి అవతల, కొండలే లేని దేశం నుంచి.
ఆ మాటను నేను క్వెచువాలోకి దించి
తెయోఫిలో ముందు పెట్టాను.

అతను టోపీ తీసి మోకాలి మీద బోర్లించాడు.
"గడ్డి ఆగిపోయే చోట.
తెల్లచార రాయి ఉంటుందే, దానికి కాస్త పైన.
మా ఎర్ర కంచరగాడిద అక్కడికొస్తే
ఎవరు చెప్పినా వినదు, కాసేపు నిలబడిపోతుంది."

"మీటర్లలో చెప్పమనండి," అంది ఆమె.

వరాస్ ఆస్పత్రి వరండాలో
పదకొండేళ్లుగా ఇదే నా పని.
విరిగిన కాళ్లకూ, జారిన భుజాలకూ,
ఎత్తుకు తాళలేక నీరుపట్టిన ఊపిరితిత్తులకూ
నోరు నేనే.
ఆ కాగితాలు ఎలా మాట్లాడతాయో నాకు తెలుసు.
మొదటి పేజీలో హెలికాప్టర్ బొమ్మ,
పదిహేడో పేజీలో చీమతలకాయంత అక్షరాలు.
ఈ కుర్రాడి బీమా
నాలుగువేల ఐదొందల మీటర్ల దాకానే కొండను నమ్ముతుంది.
అక్కడెవరో గీత గీశారు.
కింద పడితే ప్రమాదం,
పైన పడితే నీ ఖర్మ.
ముప్పయ్యేళ్లుగా ఆ దారిన నడుస్తున్న తెయోఫిలోకి
ఆ గీత ఒక్కసారీ కాలికి తగల్లేదు.

మంచం మీద యోస్ట్.
సైకిల్ మీద కనుమ దాటి, దిగుతూ, తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు.
గుడారం కర్రలతో తెయోఫిలో కట్టిన కట్టు
ఇంకా విప్పలేదు.
డాక్టరు దాన్ని చూసి ఏమీ అనలేదు,
ఒకసారి వేలితో మీటి చూశాడంతే.

"మీటర్లు?" ఆమె మళ్లీ.
గొంతులో విసుగు లేదు.
వెనక ఎక్కడో చెంచా కప్పుకు తగిలిన చప్పుడు.
ఆమె కూడా రాత్రి షిఫ్టు మనిషే.

నేను అబద్ధం ఆడలేదు.
ఆడబోయాను.
నాలుగువేల నాలుగొందలనే మాట
పంటి వెనక సిద్ధంగా ఉంది.
అప్పుడే మత్తుమందు మగతలోంచి యోస్ట్
వాచీ చెయ్యి పైకెత్తాడు.
"నాలుగువేల ఆరొందల ఇరవై!
ఇంత ఎత్తు నేనెప్పుడూ ఎక్కలేదు!"
బడిలో మొదటిసారి మార్కులొచ్చిన పిల్లాడిలా
వార్డంతా వినేలా.

ఫోన్‌లో నిశ్శబ్దం.
తర్వాత మీటల టకటక.

"ఏమంటోంది?" అన్నాడు తెయోఫిలో.
"పైన పడితే ఇవ్వరట."
"పైనుంచి కాక
కింద నుంచి ఎవరైనా పడతారా?"

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.
అవతల ఆమె గొంతు తగ్గించింది.
గీతకు కింద మోసుకొచ్చిన దూరానికి
ఏమైనా ఇప్పించగలనేమో అడిగి చూస్తానంది.
"ఆ జంతువు, ఆ ఎత్తు దగ్గర, ఆగిందా?
రసీదు ఉందా?"

తెయోఫిలో చాలాసేపు గోడవైపు చూశాడు.
"ఒకచోట నీళ్లు తాగింది.
మీ గీత అదే అనుకోమను."

రాశాను.
ఎర్ర కంచరగాడిద, ఒకటి.
నడక ఆరు గంటలు,
నీళ్లు తాగాక నాలుగున్నర.
కింద అతని బొటనవేలి ముద్ర,
సిరా ఎక్కువై అంచులు చెదిరింది.

అతనికి ఏ బీమా లేదు.
కనుమ ఎక్కేముందు రాతికింద
మూడు కోకా ఆకులు పెడతాడు.
వాటి గడువెంత అని ఒకసారి అడిగాను.
"దిగేదాకా" అన్నాడు.

బయటికొచ్చేసరికి
ఎర్రది ముందుకాలు నేలకు ఆనించకుండా నిలబడి ఉంది.
రసీదులో దాని కాలికి గడి లేదు.
తెయోఫిలో వంగి, డెక్క ఒళ్లో పెట్టుకుని,
చాకు మొనతో ఒక రాయి పెళ్లగించాడు.
ఏ ఎత్తులో గుచ్చుకుందో
అది చెప్పలేదు,
అతనూ అడగలేదు.