ఆరువేల లీటర్లు

మంగళం బోరు కాడ పైపు తగిలించి
ట్యాంకరు నిండేదాకా బీడీ కాల్చేది నా అలవాటు.
నిండేకొద్దీ శబ్దం మారతాది.
కండ్లు మూసుకునే చెప్తాను, ఇంకా జానెడు తక్కువని.

పాప సంగతి చెప్పలేకపోయినాను.

ధన్వికకు పది నెలలు. ధనుర్మాసం చలి.
తొలిరోజు కక్కింది. పండ్లొస్తా ఉండాయిలే అనుకున్నాము.
రెండోరోజు ఎన్ని గుడ్డలు మార్చిందో
సుగుణకే లెక్క తెలీదు.
గంజినీళ్ల మాదిరి, పుల్లటి వాసన.
గుడ్డలు చాలక నా లుంగీ చించింది,
దండెం చాలక జీవకోన మెట్ల మీద ఆరేసింది.
"నీళ్లియ్యొద్దు. పోసేకొద్దీ పోతానే ఉంటాది"
అని మాయమ్మ చెంబు దాచిపెట్టింది.
ఆ పొద్దు నేను లాడ్జీలకు నాలుగు ట్రిప్పులు తోలినాను.

మూడో రాత్రి ఏడ్చింది.
ఏడుపుంది, కన్నీళ్లు లేవు.
మాడు మీద చెయ్యి పెడితే
వేలు దిగింది.

రుయాలో డాక్టరమ్మ
పొట్ట మీద చర్మం పట్టి వదిలింది.
అది వెంటనే పడలా.
మడతలాగా నిలబడి, ఆలోచించి, పడింది.
"టీకాల కార్డు తెచ్చినారా?"
మూడోసారి గడి ఖాళీ.
ఎండాకాలం సెలవల రష్షు అప్పుడు,
"రేపు పోదాంలే" అన్నది నేనే.
నోట్లో వేసే చుక్కలంట.
ఐదే.

"అన్నీ వేసినా కొందరికి వస్తాది,
ఇప్పుడు దాన్ని తలుచుకోబాకన్నా" అని సిస్టరు
ప్యాకెట్టు చేతిలో పెట్టింది.
కాచి చల్లార్చిన నీళ్లు, సరిగ్గా లీటరు.
లీటరంటే ఏందో
నాకు చూపిస్తా ఉంది, సీసా మీద గీత పెట్టి.

స్పూను.
కక్కింది.
పది నిమిషాలు గోడ గడియారం.
మళ్లీ స్పూను, ఇంకా మెల్లగా.
అర్ధరాత్రి దాటినాక
మాయమ్మ నా చేతిలోంచి గిన్నె లాక్కుంది.
ఏమీ అనలా. నేనూ అనలా.
చెంబు దాచిన చేతికే
మాకంటే ఓపిక జాస్తి.

తెల్లారుజామున సుగుణ కేక పెట్టింది.
పక్క మంచాలోళ్లు లేచి కూర్చున్నారు.
ఏం కాలా. ఒడి తడిసింది.
అరచేతి మందం, వెచ్చగా.
మాయమ్మ ఆ చీర ముట్టుకుని చూసింది.
నన్నూ ముట్టుకోమంది.

ఫోను మోగింది. లాడ్జీ మేనేజరు.
"ఏమప్పా, ట్యాంకు అడుగంటింది, ఎప్పుడు పోస్తావు?"
"పోసింది సార్" అన్నాను.
"ఎవురు?"
"మా పాప సార్. ఒంటికి పోసింది."

అవతల కొంచేపు మాటల్లేవు.