ఒక కొమ్ము తేడా

బొమ్మనహళ్లిలో ఫ్యాక్టరీ గేటుకు
మార్చి ఆఖరి శుక్రవారం కాగితం అంటించినారు.
కన్నడంలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి.
పుట్టతాయమ్మ కన్నడంది చదివి
తెరిచిన టిఫిన్ డబ్బాకు మూత మళ్లీ బిగించింది.
అంతే. అట్ల తెలిసింది నాకు.

పదకొండేండ్లు కాలర్లు కుట్టినాను,
గంటకు అరవై. ఆ మెడలు ఏ దేశానివో తెలీదు.
సూపర్‌వైజరు నన్ను "నలభై ఏడూ" అని పిలిచేవాడు,
అది మిషను నంబరు.
నీళ్లు తాగడానికి లేచినా నలభై ఏడే,
జీతంలో కోత పడినా నలభై ఏడే.
నా పేరుతో ఎవరికీ పని పడలేదు.

ఇప్పుడు పడింది.

పని పోయినోళ్లకు సగం కూలి ఇస్తారంట
ఈఎస్ఐ వాళ్లు, తొంభై దినాలకు,
బతుకులో ఒకే తూరి.
ఒకే తూరి అంటే నాకు పెండ్లి గుర్తొచ్చి నవ్వొచ్చింది.
జిరాక్స్ అంగడి అఫ్సర్ కంప్యూటర్‌లో ఎక్కించినాడు, ఎనభై రూపాయలు.
తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది,
కరెంటు పోయింది.
రెండోసారికి డబ్బు అడగలేదు. చింతామణి మనిషి, మంచోడు.

నలభై దినాలకు జవాబు:
తిరస్కరించడమైనది.
పేరు సరిపోలలేదు.

ఆధార్‌లో నేను సుంకులమ్మ.
ఈఎస్ఐ కార్డులో సంకులమ్మ.
ఎవరో, ఎప్పుడో,
ఇంగ్లీషులో యూ కొట్టాల్సిన చోట ఏ కొట్టినారు.
ఆ వేలు ఎవరిదో,
భోజనం గంటకు ముందరో తరువాతో.
ఒక కొమ్ము రాలిపోయింది.

మా సంతలో కొమ్ము విరిగిన ఎద్దుకు
సగం ధరైనా కట్టేవాళ్లు.

"మార్పించుకో" అన్నాడు కౌంటరాయన.
ఎవరు మార్చాల సార్?
"మీ కంపెనీ."
కంపెనీ బీగమేసుకోని పోయింది గదా,
గేటు కాడ కుక్కుంది, దాన్ని అడగాల్నా?
ఇది కడుపులో అన్నాను.
పైకి "సరే సార్" అన్నాను.

హెచ్చార్ మేడం ఫోను మూడు తూర్లు మోగి ఆగింది.
నాలుగోసారి ఎవరో మగాయన ఎత్తి
రాంగ్ నంబరు అన్నాడు.
వెనక దగ్గు వినబడింది.
ఆ దగ్గు నాకు తెలుసు. దూది దుమ్ము దగ్గు.
పాపం, ఆమెకూ పని పోయినట్టుంది.

అప్పీలు పెట్టుకోవచ్చన్నారు.
పెద్దాఫీసుకు రెండు బస్సులు.
ఆడోళ్లకు టికెట్టు లేదు, ఈ దావలో అదొక్కటే సుళువు.
సిల్క్ బోర్డు కాడ వానలో గంటన్నర,
ఒళ్లో ప్లాస్టిక్ కవరు, దాంట్లో నేను,
నాలుగు జిరాక్సులుగా.

నోటరీ బాండు పేపరు మీద టైపు కొట్టించినాడు.
అఫ్సర్ తెలుగులో చెప్పినాడు:
సుంకులమ్మ, సంకులమ్మ అను ఇద్దరూ
ఒక్కరేనని ప్రమాణం చేస్తున్నాను.
నేను నేనే అని నేనే ఒట్టేసినాను.
ఒట్టుకు రెండొందల యాభై.
సంతకంలో స పక్కన కొమ్మును
కాగితం వెనక తేలేటట్టు ఒత్తి రాసినాను.

పుట్టతాయమ్మకు డబ్బు పడింది.
ఆమె చెప్పలేదు, కొత్త చెప్పులు చెప్పినాయి.
నన్ను చూస్తే కాళ్లు బల్ల కిందికి లాక్కుంటాది.
అట్ల చేయొద్దమ్మా అని ఎట్ల చెప్పేది?
నేను చీరలకు ఫాల్ కుడతా ఉన్నాను, చీరకు నలభై.
ఓనరమ్మ బాడుగ అడగదు,
మెట్ల మీద చీపురు గట్టిగా కొడతాది.

పరిశీలనలో ఉన్నది అంటాది ఫోను.
జూన్‌లోనూ అదే, ఆగస్టులోనూ అదే.

నిన్న మళ్లీ పిలిచినారు.
ఇనుప బెంచీ మీద ఇరవై మంది ఆడోళ్లు,
పక్కనామెకు పెన్ను ఇచ్చి,
ముందు పేరు చూసుకోమ్మా అన్నాను, ఒక్కో అక్షరం చూసుకో.

లోపల్నించి కేకేసినారు,
"సంకులమ్మా!"

లేచి నిలబడినాను.
ఆ రెండోది కూడా లేస్తాదేమోనని
ఒకసారి చుట్టూ చూసినాను.