పదిహేనో ముడి

పొద్దున తొమ్మిదికి తురహళ్ళి అడవి అంచున
తాడు చాపుతాను.
పద్నాలుగు ముడులు, పద్నాలుగు పిడికిళ్ళు.
ఎవరి ముడి వాళ్ళదే.
ముందు సుమనా మిస్సు, వెనక నేను,
మధ్యలో పసుపు టోపీల గొంగళిపురుగొకటి
నీలగిరి ఆకుల్ని కరకరమనిపిస్తూ పోతుంది.

ఇక్కడ గోడల్లేవు. నల్లబల్ల లేదు.
బురదతో చపాతీలొత్తుతారు,
కానుగ కాయలు దోసిళ్ళతో తూకమేస్తారు,
రోకలిబండని ముట్టుకుంటే అది చుట్ట చుట్టుకుంటుంది,
వీళ్ళూ దాని పక్కనే చుట్ట చుట్టుకుని పడుకుంటారు.
మా కాలంలో గోళ్ళలో మట్టి కనిపిస్తే
అయ్యవారి బెత్తం మాట్లాడేది.
ఇక్కడ మట్టి లేకపోతేనే దిగులు:
ఈపొద్దు ఆడలేదా బంగారూ?

నా పని లెక్కపెట్టడం.
బండ దగ్గరొకసారి, కుంట దగ్గరొకసారి,
ఒంటేలుకి పోయొచ్చాక ఇంకోసారి.
మదనపల్లి సంతలో టమాటా బుట్టలు లెక్కపెట్టిన నోరిది,
తప్పు పోదు.

ఆ రోజు పదిహేనొచ్చింది.

మళ్ళీ పెట్టాను. పదిహేనే.
వాన కొట్టి వెలిసిన పూట, అందరూ నిలువునా బురద,
ఏ మొహం ఎవరిదో పోల్చుకోనివ్వలేదు.
ఒకటి తగ్గితే ఏం చెయ్యాలో నాకు నేర్పారు:
విజిలెయ్యాలి, అరవాలి, పరిగెత్తాలి.
ఒకటి పెరిగితే ఏం చెయ్యాలో
ఎవరూ చెప్పలేదు.

అంతలో ఈహ రాయెత్తబోయింది.
టోపీ లేని తలొకటి అడ్డమొచ్చి చెయ్యి పట్టుకుంది,
"గీడ వద్దు. తేలుంటది."
పుల్ల తెచ్చి రాయి దొర్లించింది.
ఉంది. తోకెత్తి, కోపంగా.
పద్నాలుగు నోళ్ళు తెరుచుకున్నాయి,
మా ఇద్దరివీ కలిపితే పదహారు.
ఆ పిల్ల ఒక్కతే నోరు మూసుకుని
రాయిని మెల్లగా మళ్ళీ దాని మీద కప్పింది,
నిద్రపోయే వాళ్ళకి దుప్పటి కప్పినట్టు.

కంచె అవతల లేస్తున్న మేడలో
వాళ్ళమ్మ ఇసక జల్లిస్తుంది, నాయన సెంట్రింగు.
పేరు మణెమ్మ. ఊరు పాలమూరు దిక్కు.
సుమనా మిస్సు ఫారం గురించి అడగలేదు.
నా వంక చూసింది.
నేను తాడు వంక చూశాను.
కొసన జానెడు మిగిలుంది.
ముడేశాను.

వారం తిరక్కముందే అందరి నోటా అదే మాట.
గీడ చీమలు. గీడ నీళ్ళు. గీడ నా బూటు పోయింది.
ఆరుద్ర పురుగుని అరచేతిలో పెట్టుకుని జోహాన్
"గీడ, గీడ" అని దానికి దారి చూపిస్తున్నాడు.
ఈహ వాళ్ళమ్మ కారు తలుపు పట్టుకుని అడిగింది,
"రెడ్డెమ్మా, ఇదే భాష?"
"అడవి భాషమ్మా" అన్నాను.
పూర్తిగా అబద్ధమేం కాదు.

కార్తీకంలో మేడకి రంగులేశారు.
రేకుల షెడ్లు ఒక రాత్రిలో లారీ ఎక్కాయి.
సోమవారం లెక్క పద్నాలుగు.
సరైన లెక్క.
అయినా బండ దగ్గర రెండుసార్లు పెట్టాను.

పిల్లలెవరూ ఏడవలేదు.
జోహాన్ పుల్ల తెచ్చి ఆ రాయినే దొర్లించి
కింద చాలాసేపు చూసి
"గీడ ఎవరూ లేరు" అన్నాడు.
తర్వాత దుప్పటి కప్పాడు.

సాయంత్రం తాడు ఉతికి
కానుగ కొమ్మకి ఆరేశాను.
కొత్త మేడ మూడో అంతస్తులో
ఎవరో చిన్నచిన్న గౌన్లు ఆరేస్తున్నారు.
కొస ముడి విప్పమని నాతో ఎవరూ అనలేదు,
నేనే చూశాను.
నానిన ముడి గోటికి లొంగదు.
గోట్లోకి కాస్త మట్టి మాత్రం వచ్చింది.