గోరూ గొడ్డలీ

గ్రిమ్స్‌బీలో రాత్రి రెండున్నర.
తలుపు తెరుచుకున్నప్పుడల్లా
రేవులోంచి చేపల వాసన లోపలికొచ్చి
తనూ ఒక కుర్చీ వెతుక్కుంటుంది.
గోడమీద తెరలో ఎర్రంకె: ఏడు గంటలు ఆగాలి.
దానికింద పోస్టరు: ఇది నిజంగా ఎమర్జెన్సీయేనా?
దానికింద ముప్ఫైనలుగురు
బదులు చెప్పకుండా, కోట్లలోకి ముడుచుకుని.

నా పని వరస తేల్చడం.
బియ్యంలో రాళ్ళేరినట్టు
మనిషికి నాలుగు నిమిషాల్లో
ఎవరి నొప్పి ముందో, ఎవరి నొప్పి వెనకో.

ఫ్యాక్టరీ రబ్బరు బూట్లతోనే వచ్చాడు వల్దాస్,
దవడ పొంగి పదకొండు రోజులు.
ఊళ్ళో ఏ పళ్ళ డాక్టరూ కొత్తవాళ్ళ పేరు రాసుకోడు.
"ఇక్కడ పళ్ళు పీకరు" అన్నాను.
"తెలుసు" అన్నాడు, "ఇక్కడ తలుపు మూయరు కదా."

ముక్కులో ఫ్రోజెన్ బఠాణీతో నాలుగేళ్ళ ఆల్ఫీ.
కొత్త చెప్పు కరిచిన మడమతో ఒకమ్మాయి.
సోమవారం పని ఎగ్గొట్టడానికి చీటీ కావాలన్న పెద్దమనిషి.
ఉన్నారు అలాంటివాళ్ళు. లేరని నేననను.

గురువారం గురువారం వచ్చే మ్యూరియల్ స్టాన్‌క్లిఫ్
గుండె దడంటుంది. యంత్రం ఏమీ లేదంటుంది.
బీపీ పట్టీ బిగుసుకునేటప్పుడు కళ్ళు మూసుకుంటుంది.
ఆ వారంలో ఆమె చెయ్యి పట్టుకున్నది
అదొక్కటేనేమో.

ఒక రాత్రి టీగదిలో విసిగిపోయి తెలుగులో అనేశాను,
"గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకొస్తారు!"
అంటే ఏమిటంది రోవేనా. చెప్పాను.
ఇలోయిలోలో పుట్టిన నాలుక మీద
"గోరు" ఎంత ముద్దుగా పలికిందో!
తెల్లారేసరికి షిఫ్టంతా అదే మాట:
మూడో నంబరు గోరు.
ఏడో నంబరు మరీ చిటికెనవేలి గోరు.
హంబర్ ఒడ్డున నా భాషలోంచి ఒక్క మాట బతికింది,
అదీ వెక్కిరింతగా.

మార్చిలో కీత్ ఆడ్‌కాక్ వచ్చాడు.
"మీ టైమ్ వృథా చేస్తున్నా, సారీ"
కూర్చోకముందే అన్నాడు.
కూతురి ఫ్రిజ్ మోస్తే భుజం పట్టేసిందట.
పారాసిటమాల్ రెండిచ్చి
నేనే అన్నాను రోవేనాతో, "గోరు."
మూడు గంటలు ఉన్నాడు.
ఎవరో ముసలావిడకి తన కుర్చీ ఇచ్చి నిలబడ్డాడు కూడా.
కాఫీ మెషీన్ ముందు కుప్పకూలినప్పుడు
అతని చేతిలోంచి దొర్లిన చిల్లర
ఇప్పటికీ దొర్లుతూనే ఉంది.

బతికాడు. రెండు స్టెంట్లు.
కార్డు పంపాడు: మీకు శ్రమ కలిగించాను, సారీ.
ఒక్కసారే చదివాను. లాకర్లో ఉంది.

పదహారేళ్ళ సర్వీసుతో,
యంత్రాలన్నీ పక్కనుండగా
నేను తప్పిన లెక్క అది.
ఆ పోస్టరేమో
చీకట్లో, ఒంటరిగా, మంచం అంచున
గుండెమీద చెయ్యేసుకు కూర్చున్నవాణ్ణి
ఇంటిదగ్గరే చేసుకురమ్మంటోంది.

బఠాణీ సంగతి చెప్పలేదు కదూ.
ఐదు గంటలు కూర్చుని కూర్చుని మెత్తబడి
ఒక్క తుమ్ముకి దానంతటదే ఎగిరిపడింది.
తల్లి సిగ్గుపడిపోయి, సారీ సారీ అంటూ వాణ్ణెత్తుకుంది.
డాక్టర్ని చూపించకుండా తీసుకుపోతున్నారని
వాడు ఒకటే ఏడుపు.
వల్దాస్ నవ్వబోయి దవడ పట్టుకున్నాడు.

తర్వాతి మనిషి నా ముందు కూర్చుని
గొంతు సవరించుకుంది.
"పెద్దదేం కాదు, ఊరికే..."

పెన్ను కింద పెట్టాను.
ఆ "ఊరికే" దగ్గర్నించి చెప్పమన్నాను.